నూట పది పాయింట్లూ, మా నాన్నా

మొన్న శనివారం మావాడు సోఫాలో పడుకుని ట్యాబ్‌లో బాస్కెట్‌బాల్ లెక్కలు చూస్తున్నాడు. వాడికి పదకొండేళ్లు. ఆట చూడటం కంటే ఆ అంకెలు చూడటమే వాడికి ఎక్కువ ఇష్టం. నేను పక్కనే కూర్చుని ఉల్లిపాయలు తరుగుతూ, "2004-05 ఫీనిక్స్ సన్స్ అని కొట్టి చూడరా, ఆటకి ఎన్ని పాయింట్లు కొట్టారో" అన్నాను, కాస్త గొప్పగానే. వాడు చూశాడు. "110.4" అని చదివి, ఇంకేమైనా ఉందేమోనని కిందకి జరిపి, "అంతేనా నాన్నా?" అన్నాడు.

అంతేనా అట!

వాడి తప్పేం లేదు లెండి. ఇప్పుడు ఎన్‌బీఏలో, అంటే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్‌లో, మామూలు జట్టే సగటున 113 పైనే కొట్టేస్తోంది. ఈ లెక్కన నా సన్స్ కింద నుంచి వెతుక్కోవాల్సిన జట్టు. కత్తి పక్కన పెట్టి వాడికి ఆ రోజులు ఎలా ఉండేవో గంటసేపు చెబుదామని మొదలుపెట్టాను, పది నిమిషాలు విని స్నానానికి వెళ్లిపోయాడు. మిగిలిన యాభై నిమిషాలదీ ఇక్కడ రాస్తున్నాను.

2004 ఆగస్టులో నేను ఎమ్మెస్ చదవడానికి ఫీనిక్స్ పక్కనున్న టెంపీలో దిగాను, అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి. ఎయిర్‌పోర్ట్ తలుపు తెరుచుకోగానే మొహానికి కొట్టిన గాలి ఇంకా గుర్తు. మాది తెనాలి, ఎండలు మాకు కొత్త కాదు, రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లే మావి, కానీ తెనాలి ఎండకి చెమట పడుతుంది, ఇక్కడ చెమట పట్టేలోపే ఆరిపోతుంది. టెర్రస్ రోడ్డులో రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్, నలుగురం. మంచాలు లేవు, కార్పెట్ మీదే పడక. ఒక రైస్ కుక్కర్, ఇంటి నుంచి మోసుకొచ్చిన ఆవకాయ, వంతులవారీ వంట, అందులో నా వంతు రోజు మాత్రం అందరికీ బయట పని పడేది.

టీవీ మేం కొన్నది కాదు. సెమిస్టర్ అయిపోయి ఇల్లు ఖాళీ చేసేవాళ్లు సామాన్లన్నీ చెత్తకుండీ పక్కన పెట్టేసి పోతారు, అలా దొరికిన పాత డబ్బా టీవీ. ఇద్దరం పట్టుకుని మెట్లెక్కించేసరికి నడుములు పడిపోయాయి. రంగు కాస్త పసుపు కొట్టేది, ఆటగాళ్లందరికీ కామెర్లు వచ్చినట్టుండేవాళ్లు. కేబుల్‌కి డబ్బుల్లేవు కాబట్టి యాంటెన్నాకి వచ్చేదే చూసేవాళ్లం, దానికి వంటింట్లో వాడే అల్యూమినియం రేకు చుట్టి, ఏ కోణంలో పెడితే బొమ్మ నిలబడుతుందో గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి పెట్టుకున్నాం. కొన్ని సన్స్ ఆటలు ఆ యాంటెన్నాకే వచ్చేవి.

బాస్కెట్‌బాల్ గురించి అప్పటికి నాకు తెలిసింది రెండే ముక్కలు. ఒకటి, మైకేల్ జోర్డాన్ అనేవాడు ఉన్నాడని. రెండు, మా ఇంజినీరింగ్ కాలేజీలో ఒక సిమెంటు కోర్టు ఉండేదని. దాని రింగులకి వలలు ఉండేవి కావు, బంతి లోపల్నుంచి పడిందో పక్కనుంచి పోయిందో తేలక ఆడేదానికంటే కొట్లాడుకునేదే ఎక్కువ.

నన్ను ఇందులోకి దింపింది కాకినాడ అన్న. అసలు పేరు వేరే కానీ అందరికీ కాకినాడ అన్నే. మాకంటే రెండేళ్లు సీనియర్, సన్స్ అంటే పిచ్చి, అదీ వాళ్లు వరసగా ఓడిపోతున్న రోజుల నుంచీ. అంతకు ముందు సీజన్‌లో 82 ఆటల్లో 29 గెలిచి 53 ఓడారు. అలాంటి జట్టుని పట్టుకుని ఎందుకన్నా ఈ తంటా అంటే, "ఊళ్లో ఉన్నాక ఊరి దేవుడికి దణ్ణం పెట్టాల్రా" అనేవాడు.

ఆ వేసవిలోనే డల్లాస్ నుంచి స్టీవ్ నాష్ వచ్చాడు. ముప్పై ఏళ్లు, నడుం నొప్పి, మనిషి కూడా పెద్ద పొడగరి కాదు, మొహం మీద పడే జుట్టు. ఆ వయసువాడికి అన్నేళ్ల కాంట్రాక్టు ఇవ్వడానికి డల్లాస్ యజమాని వెనకాడితే సన్స్ ఇచ్చేశారు. కోచ్ మైక్ డాంటోని. ఆయన ఆటగాడిగా ఎక్కువ కాలం ఇటలీలో, మిలాన్ జట్టుకి ఆడాడు, పెద్ద మీసం. ఇప్పుడు చెప్తే మావాడు నమ్మలేదు కానీ అప్పటి లీగ్ ఎలా ఉండేదంటే, 2004లో తూర్పు కాన్ఫరెన్స్ (లీగ్‌లో తూర్పు సగం జట్లు) ఫైనల్లో డెట్రాయిట్, ఇండియానా ఆడుకున్న చివరి ఆట స్కోరు 69-65. నలభై ఎనిమిది నిమిషాలు ఆడితే! ఒకరినొకరు పట్టుకుని, తోసుకుని, బంతిని కిందకి కొడుతూ కొడుతూ గడియారం చివర్లో ఒక షాట్ వేసేవాళ్లు. దాన్నే గొప్ప డిఫెన్స్ అనేవాళ్లు. అనేవాళ్లని అననివ్వండి, నాకు మాత్రం నిద్ర వచ్చేది.

బంతి చేతికొచ్చాక షాట్ వేయడానికి 24 సెకన్లుంటాయి, కబడ్డీలో కూతకి ముప్పై ఉన్నట్టు. డాంటోని ఏం చేశాడంటే, ఏడు సెకన్లలోపే వేసెయ్యండన్నాడు. ఎదుటివాళ్లు వెనక్కి పరిగెత్తి సర్దుకుని నిలబడేలోపే పని అయిపోవాలి. ఆ పద్ధతికి ఏడు సెకన్లు అనే పేరే నిలిచిపోయింది. దానికి తోడు, ముందున్నవాణ్ణి చేత్తో అదిమిపట్టి ఆపితే ఫౌల్ ఇవ్వడం ఆ ఏడాది నుంచే లీగ్ గట్టిగా మొదలుపెట్టింది, నాష్ లాంటివాడికి అది వరం. చుట్టూ ముగ్గురు మూలల్లో త్రీ పాయింటర్ (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) కొట్టడానికి సిద్ధంగా నిలబడతారు, మధ్యలో నాష్, అమారే స్టూడమైర్. అమారే వచ్చి నాష్ పక్కన అడ్డం నిలబడతాడు, నాష్ దూసుకెళ్తాడు, ఇద్దరు నాష్ మీదకొస్తే బంతి అమారేకి, అమారేని పట్టుకుంటే మూలనున్న క్వెంటిన్ రిచర్డ్‌సన్‌కో జో జాన్సన్‌కో. ఎవర్ని వదిలినా తప్పే. 1996 వరల్డ్ కప్పులో జయసూర్య, కలువితరణ మొదటి పదిహేను ఓవర్లలోనే కొట్టడం మొదలుపెడితే అందరూ నోళ్లు తెరుచుకుని చూశారు చూడండి, నాకు అదే గుర్తొచ్చింది. వికెట్లు కాపాడుకోవాలి కదా, మొదట్లోనే ఇదేంటి అన్నట్టు.

మొదటి 35 ఆటల్లో 31 గెలిచారు. ఆ సీజన్ మొత్తం మీద 62 గెలుపులు, ఆటకి 110.4 పాయింట్లు. అప్పటికి పదేళ్లలో ఏ జట్టూ అంత కొట్టలేదు. నాష్ ఆ ఏడాది ఎమ్‌వీపీ, అంటే లీగ్‌లో మేటి ఆటగాడు. ఆటకి పదిహేనున్నర పాయింట్లే కొట్టాడు, పదకొండున్నర సార్లు మాత్రం పక్కవాడి చేత కొట్టించాడు. నాకు ఆ రెండో అంకే ఎక్కువ ఇష్టం.

ఆ చలికాలంలో ఒకసారి స్టేడియానికి వెళ్లాం, డౌన్‌టౌన్‌లో అమెరికా వెస్ట్ ఎరీనా. అప్పటికి ట్రైన్ లేదు, బస్సులో పోయాం. అన్నిటికంటే చవక టికెట్, అంటే పైకప్పుకి తల తగిలే వరస. ఎదుటి జట్టు ఎవరో కూడా మర్చిపోయాను. గుర్తున్నది వేరే. నాష్‌ని మార్చి బయట కూర్చోబెట్టినప్పుడు అతను బెంచీ మీద కూర్చోలేదు. బెంచీ చివర నేల మీద వెల్లకిలా పడుకున్నాడు, తల కింద తువ్వాలు. నడుం పట్టేయకుండా అట. పద్దెనిమిది వేల మంది అరుస్తుంటే, పొలం గట్టు మీద మధ్యాహ్నం పడుకున్న మనిషిలా మోకాళ్లు ముడుచుకుని ఆట చూస్తున్నాడు. కాసేపటికి లేచి, రెండు చేతుల వేళ్లూ నాలుకతో తడుపుకుని (అది అతని అలవాటు, మా అమ్మ చూస్తే ఛీ అనేది), జుట్టు చెవుల వెనక్కి తోసుకుని లోపలికెళ్లాడు. వెళ్లీ వెళ్లగానే బంతి కొడుతూ రింగు కిందకి పోయాడు. ఎవరైనా అక్కడ షాట్ వేస్తారు, లేదా ఆగిపోతారు. ఇతను రెండూ చేయలేదు, కొడుతూనే రింగు కింద నుంచి అటుపక్కకి బయటికొచ్చేశాడు, ఏదో దుకాణంలోకి తొంగిచూసి నచ్చక బయటికొచ్చినట్టు. అతని వెనకాల ముగ్గురు పొడుగ్గాళ్లు తిరిగి చూసేసరికి బంతి మూలకి వెళ్లిపోయింది, మూల నుంచి రింగులోకి. "చూశావా, చూశావా" అని కాకినాడ అన్న నా భుజం మీద ఎన్నిసార్లు కొట్టాడో, మర్నాడు గిన్నెలు తోమే పనికి వెళ్తే చెయ్యి లేవలేదు.

షాన్ మేరియన్ గురించి చెప్పకపోతే అన్యాయం. అతని షాట్ చూస్తే నేర్పినవాడెవడో అనిపిస్తుంది, గడ్డం దగ్గర నుంచి బంతిని గెంటేసినట్టుండేది. కానీ పడేది. అతని కోసం ప్రత్యేకంగా ఎత్తులేవీ వేసినట్టు కనపడేవి కావు, అయినా ఆట అయ్యేసరికి లెక్కలో ఇరవై దాకా ఉండేవి. ఉమ్మడి కుటుంబంలో అడక్కుండానే పని చేసుకుపోయే రెండో అన్నయ్య ఉంటాడే, అలా.

ఇక మా నాన్న. నాన్న కుర్రతనంలో వాలీబాల్ ఆడేవాడు, జిల్లా స్థాయి దాకా వెళ్లాడు, మంచి షూటర్ అని మా ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తారు. ప్రతి ఆదివారం కాలింగ్ కార్డు గీకి ఇంటికి ఫోన్ చేసేవాణ్ణి. అరిజోనాలో గడియారాలు ముందుకీ వెనక్కీ జరపరు, ఏడాది పొడుగునా మాకూ తెనాలికీ పన్నెండున్నర గంటల తేడా, నాన్నకి అది బాగా నచ్చింది, లెక్క తేలికని. అమ్మ తిన్నావా అని అడగడం అయ్యాక నాన్న అందుకుని, "మీవాళ్లు ఎంత కొట్టార్రా?" అనేవాడు. మీవాళ్లు అంటే సన్స్. వాలీబాల్‌లో సెట్టుకి పదిహేను పాయింట్లు చూసిన మనిషికి ఆ అంకెలు వింటే భలే సరదా. నూట ఇరవై అంటే "ఓరి వీళ్లమ్మ కడుపు కాలా" అని ఒకటే నవ్వు.

2005 ప్లేఆఫ్స్, అంటే సీజన్ అయ్యాక కప్పు కోసం ఆడే ఆటలు, ఒక్కో జట్టు మీద ముందు నాలుగు గెలిచినవాళ్లే పైకి. రెండో రౌండు డల్లాస్ మీద. నాష్‌ని వద్దనుకున్న డల్లాసే. ఆ సిరీస్‌లో నాష్ ఒక ఆటలో 48 కొట్టాడు, ఆఖరి ఆటలో 39 కొట్టి, అసలు సమయం అయిపోవస్తుండగా త్రీతో స్కోరు సమం చేసి, ఓవర్‌టైమ్‌లో 130-126తో వాళ్లని ఇంటికి పంపాడు. కానీ అదే సిరీస్‌లో జో జాన్సన్ పైనుంచి పడి కంటి దగ్గర ఎముక విరగ్గొట్టుకున్నాడు. కాన్ఫరెన్స్ ఫైనల్లో సాన్ ఆంటోనియో స్పర్స్ తగిలారు. మొదటి ఆట మా ఊళ్లోనే, మే 22. ఆ వారం నాన్నతో మాటలు ఇవీ:

"ఎంత కొట్టార్రా?"

"నూట పద్నాలుగు."

"అయితే గెలిచారన్నమాట."

"లేదు నాన్నా, వాళ్లు నూట ఇరవై ఒకటి కొట్టారు."

కాసేపు అటునుంచి మాట లేదు. "మరి మీవాళ్లు అంత కొట్టి ఏం లాభం?" అన్నాడు. అమారే ఆ సిరీస్ మొత్తం టిమ్ డంకన్ లాంటివాడి ఎదుట సగటున 37 కొట్టాడని చెప్పాను. నాన్నకి అదేం పట్టలేదు. 4-1తో పోయాం.

తర్వాతి ఏడాది మొదలవకముందే అమారే మోకాలికి ఆపరేషన్, ఆ సీజన్‌లో మూడే ఆటలాడాడు. జో జాన్సన్ అట్లాంటాకి పోయాడు, బదులుగా బోరిస్ డియా అనే ఫ్రెంచి కుర్రాడు వచ్చాడు, కాస్త బొద్దుగా, తీరిగ్గా ఉండేవాడు, ఏ స్థానంలో నిలబెట్టినా ఆడేవాడు. ఇంకొకడు రాజా బెల్. పేరు వినగానే మా రూములో ఒకటే గోల, మనోడేరా అని. మనోడేం కాదు, వర్జిన్ ఐలాండ్స్‌లో పుట్టాడు, అయినా ఆ రెండక్షరాలు చాలు మాకు. అంత పెద్ద మనిషి అమారే లేకపోయినా ఆటకి 108 పైనే కొట్టి మళ్లీ లీగ్‌లో అందరికంటే పైనున్నారు, నాష్‌కి మళ్లీ ఎమ్‌వీపీ. అసలు నన్నడిగితే మూడేళ్లలోకీ నాకు ఇష్టమైన జట్టు అదే, 62 గెలిచింది కాదు, పొడవైనవాళ్లు ఎవరూ లేకుండా లీగ్‌నంతా పరిగెత్తించి చంపిన ఈ 54 గెలుపులది.

2006 మొదటి రౌండు లేకర్స్ మీద, అంటే కోబీ బ్రయంట్ మీద. నాలుగో ఆటలో ఓవర్‌టైమ్ చివరి క్షణంలో కోబీ షాట్ పడి 99-98తో మావాళ్లు 3-1 వెనకబడ్డారు. అయిదో ఆటలో మన రాజా, కోబీ మెడకి చెయ్యి అడ్డం పెట్టి కింద పడేశాడు. మేం గెలిచాం కానీ రాజాకి ఒక ఆట నిషేధం. ఆరో ఆట మే 4, లాస్ ఏంజలెస్‌లో. మర్నాడు పొద్దున నాకు చివరి సెమిస్టర్ చివరి పరీక్ష.

ఆ ఆట కేబుల్లోనే వచ్చేది, మా రేకు యాంటెన్నాకి అందదు. రూములో రేడియో పెడదామంటే పక్కన ఒకడు చదువుకుంటున్నాడు, వాడిదీ మర్నాడే పరీక్ష. అందుకని కాకినాడ అన్న పాత కరోలాలో, పార్కింగ్‌లో, ఇద్దరం కూర్చున్నాం. నా ఒళ్లో నోట్సు, పైన చిన్న లైటు. రేడియోలో ఆల్ మెక్‌కాయ్. ఆయన గురించి ఒక్క మాట చెప్పాలి. 1972 నుంచి సన్స్ ఆటలు ఆయనే రేడియోలో చెప్పేవాడు, 2023 దాకా చెప్పాడు, 2024లో పోయారు. త్రీ పాయింటర్ పడితే "షజామ్!" అనడం ఆయన అలవాటు. మా అపార్ట్‌మెంట్‌లో పప్పులో ఉప్పు సరిగ్గా పడ్డా షజామ్ అనుకునేవాళ్లం.

అద్దాలు దించుకుని కూర్చున్నాం, రాత్రయినా వేడి తగ్గలేదు. కోబీ కొడుతూనే ఉన్నాడు, ఆ రాత్రి 50 కొట్టాడు. చివరి సెకన్లు, మూడు పాయింట్లు వెనక. నాష్ వేసిన త్రీ పడలేదు. అన్న స్టీరింగ్ మీద తల పెట్టేశాడు, సీజన్ అయిపోయిందని. అంతలో రేడియోలో గొంతు లేచింది, రింగుకి తగిలి తిరిగొచ్చిన బంతి మేరియన్‌కి దొరికింది, టిమ్ థామస్‌కి ఇచ్చాడు, అతను ఒకసారి వేస్తున్నట్టు పైకి లేపి, ఎదురొచ్చినవాణ్ణి పక్కకి పోనిచ్చి అప్పుడు వేశాడట. అవన్నీ తర్వాత చూసి తెలుసుకున్నవి. ఆ క్షణంలో మెక్‌కాయ్ షజామ్ అన్నాడో లేదో కూడా మాకు తెలీదు, ఎందుకంటే మేమిద్దరం అరుస్తున్నాం, అన్న తల కింద హారన్ మోగుతోంది, పై అంతస్తులో ఒకాయన కిటికీ తెరిచి పోలీసుల్ని పిలుస్తానంటున్నాడు. ఓవర్‌టైమ్‌లో 126-118. పరీక్ష ఎలా రాశానో అడక్కండి, పాసయ్యాను, అది చాలు. ఏడో ఆటలో 121-90, తేలిగ్గా. ఆ తర్వాత క్లిప్పర్స్‌ని దాటి మళ్లీ కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా వెళ్లి, ఈసారి డల్లాస్ చేతిలో ఓడారు.

నాకు అక్కడే దగ్గర్లో చాండ్లర్‌లో ఉద్యోగం వచ్చింది, ఒక బెడ్‌రూము ఇల్లు, కొత్త టీవీ, కేబుల్. 2006 డిసెంబరులో న్యూజెర్సీ మీద ఒక ఆట జరిగింది, అది ఆఫీసు నుంచి వస్తూ కారులో వినడం మొదలుపెట్టాను, ఇంటికొచ్చి, అన్నం వండుకుని, తిని, గిన్నెలు కడిగేసినా ఇంకా అవలేదు. రెండు ఓవర్‌టైమ్‌లు. 161-157. నాష్ 42 కొట్టాడు, అటుపక్క జేసన్ కిడ్ 38. ఆదివారం నాన్నకి చెప్తే, "ఒక్కొక్కళ్లదా, ఇద్దరిదీ కలిపా?" అని అడిగాడు. ఒక్కొక్కళ్లదే అంటే నమ్మలేదు, పేపర్లో వేశారా అన్నాడు. తెనాలికొచ్చే పేపర్లో ఎందుకేస్తారు నాన్నా.

ఆ ఏడాది 61 గెలిచారు. అమారే తిరిగొచ్చాడు, బెంచీ మీద నుంచి లియాండ్రో బార్బోసా అనే బ్రెజిల్ కుర్రాడు వచ్చి అందరికంటే వేగంగా పరిగెత్తేవాడు. ఈసారి కప్పు మాదే అని నాకు గట్టి నమ్మకం, ఇప్పటికీ ఆ నమ్మకం పోలేదు. 2007 ఏప్రిల్లో అమ్మా నాన్నా వచ్చారు, మొదటిసారి అమెరికాకి. నాన్న వచ్చిన మూడో రోజు నుంచే సోఫాలో తన చోటు తాను చూసుకున్నాడు.

రెండో రౌండు మళ్లీ స్పర్స్. మొదటి ఆటలో టోనీ పార్కర్ తల తగిలి నాష్ ముక్కు చీరుకుపోయింది, ఎన్ని పట్టీలు వేసినా రక్తం ఆగలేదు, చివరి నిమిషంలో అతను బయట కూర్చుని చూడాల్సి వచ్చింది. అమ్మ వంటింట్లోంచి వచ్చి "అయ్యో, ఆ అబ్బాయికి పసుపు పెట్టేవాళ్లు లేరా" అంది. నాలుగో ఆట వాళ్ల ఊళ్లో గెలిచేశాం, పద్దెనిమిది సెకన్లే మిగిలాయి. నాష్ గీత పక్కన పరిగెడుతుంటే రాబర్ట్ హోరీ నడుంతో ఒక్క తోపు తోశాడు. నాష్ వెళ్లి స్కోరర్ల బల్లకి గుద్దుకున్నాడు. సన్స్ బెంచీ మీదున్న అమారే, డియా లేచి నాలుగడుగులు వేశారు. ఎవర్నీ కొట్టలేదు, వాళ్లవాళ్లే ఆపి వెనక్కి తీసుకొచ్చారు. కానీ గొడవప్పుడు బెంచీ వదిలితే నిషేధం అని రూలు. హోరీకి రెండు ఆటలు, అమారేకీ డియాకీ ఒక్కో ఆట.

నాన్నకి ఆ రూలు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. "తోసినవాడు వాడు కదరా?"

"అవును నాన్నా, వాడికీ వేశారు."

"మరి వీళ్లేం చేశారు?"

"లేచారు."

"లేచారా? లేచినందుకా?" కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "మనవాణ్ణి తోసి పడేస్తే లేవకుండా కూర్చునేవాడు మనిషేనా? మా రోజుల్లో అయితే ఊరు ఊరంతా కోర్టులోకి దిగేది."

అయిదో ఆట మే 16, ఫీనిక్స్‌లో. నాన్న సాయంత్రమే స్నానం చేసి, పంచె మార్చి, సోఫాలో కూర్చున్నాడు. మొదట్లో సన్స్ బాగా ముందున్నారు, ఉన్నవాళ్లతోనే. నాష్, మేరియన్, రాజా, బార్బోసా, ఇంకో ఇద్దరు ముగ్గురు, ఇంతే, మార్చడానికి మనుషుల్లేరు. మూడో క్వార్టర్ దాటాక వాళ్ల కాళ్లు బరువెక్కడం టీవీలోనే తెలుస్తోంది. షాట్లు రింగు ముందంచుకే తగిలి వెనక్కొస్తున్నాయి. నాన్నే ముందు కనిపెట్టాడు, "అలిసిపోయార్రా, మోకాళ్లు వంగట్లేదు చూడు" అన్నాడు. చివర్లో బ్రూస్ బొవెన్ త్రీ కొట్టాడు. 88-85. ఏడాది పొడుగునా 110 కొట్టిన జట్టు ఆ రాత్రి 85 దగ్గర ఆగిపోయింది. టీవీ కట్టేశాక నాన్న చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. నేను పడుకోమంటే, "ఎనభై అయిదు" అన్నాడు, అంతే. ఆరో ఆటా పోయింది. స్పర్స్ ఆ ఏడాది కప్పు కొట్టారు. ఆ సిరీస్‌లో మూడో ఆటకి ఉన్న రిఫరీల్లో ఒకడైన టిమ్ డోనాగీ పందేల గొడవలో ఇరుక్కున్నాడని ఆ జులైలోనే బయటపడింది. దాని గురించి నేను మాట్లాడితే మా ఆవిడ లేచి వెళ్లిపోతుంది, కాబట్టి ఇక్కడితో ఆపుతున్నా.

తర్వాతది తొందరగా చెప్పేస్తాను, నాకూ పెద్దగా ఇష్టం లేదు. 2008 ఫిబ్రవరిలో మేరియన్‌ని మయామికి పంపి షకీల్ ఓనీల్‌ని తెచ్చుకున్నారు. పరిగెత్తే జట్టులోకి షకీల్. ఆయన గొప్పవాడే, కాదనను, కానీ ఎక్స్‌ప్రెస్ బండికి గూడ్సు పెట్టె తగిలించినట్టయింది. ఆ ఏడాదీ స్పర్స్ చేతిలోనే మొదటి రౌండులో పోయాం, డాంటోని న్యూయార్క్ వెళ్లిపోయాడు. అంతకు ముందు 2006 డ్రాఫ్టులో (జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునేది) 21వ నంబరులో తీసుకున్న రాజాన్ రాండో అదే రోజు బోస్టన్‌కి వెళ్లిపోవడం, అదంతా తవ్వుకుంటే తెల్లారిపోతుంది. కాకినాడ అన్నతో ఫోన్లో ఇప్పటికీ తవ్వుతాం.

2009లో నా ప్రాజెక్టు అయిపోయి డల్లాస్ పక్కన ఇర్వింగ్‌కి మారాను. అపార్ట్‌మెంట్లు మెట్లెక్కుతుంటే తాలింపు వాసన, అంతా మనవాళ్లే, అందరూ డల్లాస్ జట్టు మావెరిక్స్ అభిమానులు. 2010 మొదటి రౌండులో వాళ్ల మావెరిక్స్‌ని స్పర్స్ 4-2తో కొట్టేశారు. తర్వాత స్పర్స్‌కి ఎదురు ఎవరయ్యా అంటే సన్స్. ఆ జట్టుకి కోచ్ ఆల్విన్ జెంట్రీ, షకీల్ వెళ్లిపోయాడు, మళ్లీ పరుగు మొదలైంది, మళ్లీ ఆటకి 110. నాష్‌కి ముప్పై ఆరేళ్లు. నా చుట్టుపక్కల మావెరిక్స్ వాళ్లందరూ ఆ రెండు వారాలకి సన్స్ వాళ్లయిపోయారు, మా ఇంటికే వచ్చి చూసేవాళ్లు.

మొదటి రెండూ గెలిచాం. మూడో ఆట సాన్ ఆంటోనియోలో, మొదట్లో వెనకబడ్డాక గోరాన్ డ్రాగిచ్ అనే స్లొవేనియా కుర్రాడు, బెంచీ మీద నుంచి వచ్చినవాడు, నాలుగో క్వార్టర్ ఒక్కదాంట్లో 23 కొట్టాడు. స్కోరు ఎంతయిందో చెప్పక్కర్లేదు, 110 అయింది. నాలుగో ఆటలో డంకన్ మోచెయ్యి తగిలి నాష్ కుడి కన్ను వాచి పూర్తిగా మూసుకుపోయింది, ఆరు కుట్లు. ఒంటి కన్నుతో చివరి క్వార్టర్ ఆడాడు, పక్కకి చూడాల్సి వస్తే మెడ మొత్తం తిప్పుతున్నాడు, అలాగే పది పాయింట్లు కొట్టాడు. 107-101. నాలుగుకి నాలుగు. తర్వాత లేకర్స్ చేతిలో ఓడిపోయాం, అది వేరే సంగతి.

ఆ ఆదివారం ఆట అయ్యేసరికి మాకు రాత్రి పది, తెనాలిలో సోమవారం పొద్దున ఎనిమిదిన్నర. నాన్న పేపరు చదువుకునే వేళ. ఫోన్ తీయగానే, "కొట్టారు నాన్నా" అన్నాను.

"ఏంటీ, కప్పా?"

"కప్పు కాదు. స్పర్స్‌ని."

కాసేపు పేపరు మడిచిన చప్పుడు. "ఎవరూ, ఆ తోసినోళ్లేనా?"

"వాళ్లే."

"ఎన్నింటికి ఎన్ని?"

"నాలుగుకి నాలుగు."

"ఇదిగో, విన్నావా" అని వంటింటి వైపు అమ్మకి కేకేశాడు, "ఆ తోసినోడి పని అయిపోయిందట!" హోరీ అప్పటికే ఆట మానేశాడని నాన్నకి నేను చెప్పలేదు.